కడలి పయనానికి కుటుంబ లెక్క

టీనేజ్ పిల్లలున్న ఇంట తొలి క్రూయిజ్‌కు ఓడను ఎలా ఎంచుకోవాలి, టికెట్టు ధర వెనుక ఏయే ఖర్చులుంటాయి, డబ్బు ఎక్కడ పెడితే ప్రయాణం ఫలిస్తుంది

సముద్రం మీద కొన్ని రాత్రులు గడిపి, మధ్యలో ఒకటి రెండు రేవులు చూసి ఒడ్డుకు చేరే విహార నౌకాయానం, అంటే క్రూయిజ్, చాలాకాలం తెలుగు కుటుంబాలకు విదేశాల్లోని బంధువులు పంపే ఫొటోల్లో మాత్రమే కనిపించే వేడుకగా ఉండేది. 2021 సెప్టెంబరులో కార్డీలియా సంస్థ ముంబయి నుంచి ‘ఎంప్రెస్’ నౌకను నడపడం మొదలుపెట్టింది, 2022 జూన్‌లో అదే నౌక విశాఖపట్నం వచ్చింది, 2023 సెప్టెంబరులో విశాఖలో అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభమైంది; ఆసియా క్రూయిజ్‌లకు ముఖ్య కేంద్రమైన సింగపూర్‌కు అటు హైదరాబాద్ నుంచీ ఇటు విశాఖ నుంచీ నేరుగా విమానాలు నడుస్తున్నాయి. ఈ మార్పులన్నీ కలిసి క్రూయిజ్‌ను మధ్యతరగతి ఇంటి వేసవి సెలవుల చర్చలోకి తెచ్చాయి.

ఆ చర్చ సాధారణంగా ధరతో మొదలై ధరతోనే ముగుస్తుంది. ఇంట్లో 13 నుంచి 17 ఏళ్ల మధ్య పిల్లలున్నప్పుడు అది సరిపోదు, ఎందుకంటే ఓడ ఛార్జీల్లోనూ నిబంధనల్లోనూ ఈ వయసుకు వేరే లెక్క ఉంటుంది, ఓడలోని ఆటస్థలాలను, హాళ్లను, భోజనశాలలను ఇంటిల్లిపాదిలో అందరికన్నా ఎక్కువగా వాడుకునేదీ వీరే. అందువల్ల ఓడ ఎంపిక, బడ్జెట్ అనేవి రెండు వేర్వేరు పనులు కావు. ఎంచుకున్న ఓడ, గది, రేవులు ఎక్కాక అయ్యే ఖర్చును ముందుగానే నిర్ణయిస్తాయి. ఆ ఎంపిక సరైనదా కాదా అని తేల్చే కొలత ఇంట్లోని టీనేజర్ అవసరమే.

టీనేజర్ కోణం నుంచి ఓడ

పెద్ద క్రూయిజ్ సంస్థలు పిల్లల్ని వయసుల వారీగా విడదీసి, ఒక్కో వర్గానికి విడిగా హాలును, పర్యవేక్షకులను ఏర్పాటు చేస్తాయి. రాయల్ కరీబియన్, నార్వీజియన్ సంస్థలు 13 నుంచి 17 ఏళ్ల వారిని ఒకే వర్గంగా చూస్తాయి, కార్నివల్ మాత్రం 12 నుంచి 14, 15 నుంచి 17 అని రెండుగా విభజిస్తుంది. టీన్ క్లబ్ అని పిలిచే ఈ హాల్లోకి పిల్లలు తమంతట తాము వచ్చి పోవచ్చు, చిన్నపిల్లల విభాగంలో లాగా తల్లిదండ్రులు సంతకం పెట్టి అప్పగించవలసిన పని లేదు, ప్రవేశానికి సాధారణంగా అదనపు రుసుము కూడా ఉండదు. ఏ వర్గంలో చేర్చాలన్నది ఓడ బయల్దేరే రోజు నాటికి ఉన్న వయసును బట్టి తేలుతుంది కనుక, ఇంటర్ రెండో సంవత్సరం పరీక్షలు ముగిసి 18 నిండిన అబ్బాయికి క్లబ్‌లో చోటు దొరకదు, పెద్దల కార్యక్రమాల్లో అతనికి ఆసక్తి ఉండకపోవచ్చు. అలాంటి కుటుంబం పుట్టినరోజుకు ముందు ప్రయాణం పెట్టుకోవడమో, అదే వయసు బంధువుల పిల్లలతో కలిసి వెళ్లడమో మంచిది.

క్లబ్ ఉండటం ఒక ఎత్తు, పిల్లలు అందులో ఇమడటం మరొక ఎత్తు. మొదటి సాయంత్రం జరిగే పరిచయ సమావేశానికి వెళ్లిన పిల్లలు అక్కడే జట్లు కట్టేసుకుంటారు, మూడో రోజు వచ్చిన వారికి ఆ జట్లలో చేరడం కష్టమవుతుంది. బిడియం ఉన్న అమ్మాయిని లేదా అబ్బాయిని ఆ ఒక్క గంటకు ముందే మానసికంగా సిద్ధం చేయడం పైసా ఖర్చు లేని పని, దాని ఫలితం మాత్రం ప్రయాణం పొడుగునా ఉంటుంది. పాఠశాల సెలవుల్లో కాక ఇతర కాలంలో వెళితే ఛార్జీ తగ్గుతుంది గాని, క్లబ్‌లో ఆ వయసు పిల్లలు నలుగురైదుగురే ఉండే అవకాశం ఉంది. చౌక టికెట్టు ఆ మేరకు టీనేజర్‌కు నష్టమే కనుక, తొలి ప్రయాణానికి సెలవుల కాలమే సరైనది.

ఏ ఓడ, ఎన్ని రాత్రులు

ఓడల పరిమాణాన్ని గ్రాస్ టన్నేజ్ అనే కొలతతో చెబుతారు. ఇది బరువును కాక, ఓడ లోపల మూసి ఉన్న మొత్తం స్థలాన్ని సూచించే సంఖ్య కనుక, దాన్ని గదికి ఇద్దరు చొప్పున ప్రయాణికుల సంఖ్యతో భాగిస్తే మనిషికి ఎంత చోటు దక్కుతుందో తెలుస్తుంది. 1990లో ఫ్రాన్స్‌లో ‘నార్డిక్ ఎంప్రెస్’ పేరుతో తయారై, తర్వాత చేతులు మారి ఇప్పుడు కార్డీలియా నడుపుతున్న ‘ఎంప్రెస్’ సుమారు 48,500 గ్రాస్ టన్నుల ఓడ, అందులో ఈ నిష్పత్తి 30 దగ్గర ఉంటుంది. సింగపూర్ నుంచి నడిచే ‘జెంటింగ్ డ్రీమ్’ 2016లో జర్మనీలో తయారైన, 1,50,000 గ్రాస్ టన్నులకు పైబడిన ఓడ, దానిలో ఇదే నిష్పత్తి దాదాపు 45. ఎలివేటర్ల దగ్గర, బఫే వరుసల్లో, ఈత కొలను చుట్టూ ఎంత రద్దీ ఉంటుందో ఊహించుకోవడానికి ఈ ఒక్క భాగహారం బ్రోచర్‌లోని రంగుల బొమ్మలన్నిటికన్నా బాగా పనికొస్తుంది.

చిన్న ఓడకు ఉన్న సౌలభ్యాలు తక్కువవేమీ కావు. కార్డీలియా దేశీయ ప్రయాణాలకు పాస్‌పోర్టు గాని వీసా గాని అవసరం లేదు, ఫొటో ఉన్న ప్రభుత్వ గుర్తింపు కార్డు చాలు. శాకాహారం, జైన ఆహారం సులువుగా దొరుకుతాయి. ఓడలో ఖర్చు రూపాయల్లోనే ఉంటుంది. నైరుతి రుతుపవనాల కాలంలో అరేబియా సముద్రం ఉధృతంగా ఉంటుంది కనుక ఆ నెలల్లో ఓడ చెన్నై కేంద్రంగా తూర్పు తీరానికి వస్తుంది, తెలుగు కుటుంబాలకు అదే దగ్గరి అవకాశం. ముంబయి నుంచి లక్షద్వీప్ వెళ్లే ప్రయాణాల్లో ఓడ నేరుగా దీవికి ఆనుకోలేదు, ప్రయాణికుల్ని చిన్న పడవల్లో ఒడ్డుకు చేరుస్తారు. టెండరింగ్ అనే ఈ పద్ధతికి అలలు అనుకూలించాలి కాబట్టి, దీవిలో దిగడం ఖాయమని పిల్లలకు మాట ఇవ్వకపోవడమే మేలు.

పెద్ద ఓడల బలం టీనేజర్లకు నచ్చే వసతుల్లో ఉంది. రాయల్ కరీబియన్ సింగపూర్ నుంచి పలు సీజన్లలో నడిపిన క్వాంటమ్ తరగతి ఓడల్లో కృత్రిమ అలలపై సర్ఫింగ్, గాలి పీడనంతో తేలియాడించే స్కైడైవింగ్ యంత్రం, బంపర్ కార్లు నడిపే ఇండోర్ మైదానం ఉన్నాయి. అయితే ఇలాంటి వసతుల్లో కొన్ని ఉచితం, కొన్ని రుసుముతో కూడినవి, కొన్నిటికి ఓడ ఎక్కిన వెంటనే లేదా అంతకుముందే యాప్‌లో సమయం బుక్ చేసుకోవాలి కనుక, టికెట్టు కొనే ముందే ఆ ఓడ పేరుతో ఈ వివరాలు వెతికి చూడటం అవసరం. ఒకే సంస్థకు చెందిన ఓడల మధ్య కూడా వసతుల్లో తేడాలుంటాయి.

రాత్రుల సంఖ్య విషయంలో కూడా లోతుగా చూడాలి. రెండు రాత్రుల ప్రయాణంలో మొదటి రోజు మధ్యాహ్నం ఎక్కడం, మూడో రోజు ఉదయమే దిగడం జరుగుతాయి కనుక చేతికి దక్కేది ఒక్క పూర్తి రోజు. పిల్లలు ఓడ దారులు తెలుసుకుని స్నేహాలు మొదలుపెట్టేసరికే సామాను సర్దుకోవలసి వస్తుంది. మొదటి క్రూయిజ్‌కు మూడు లేదా నాలుగు రాత్రులు సమంజసమైన కొలత: సముద్రం పడుతుందో లేదో తెలుస్తుంది, ఒకవేళ పడకపోయినా వారం రోజులు ఇబ్బంది పడవలసిన అవసరం రాదు.

గది లెక్క

ప్రకటనల్లో కనిపించే ధర దాదాపు ఎప్పుడూ ఒక గదిలో ఇద్దరుంటారన్న ఊహ మీద, మనిషికి ఇంత అని చెప్పేదే. అదే గదిలో మూడో వ్యక్తికి, నాలుగో వ్యక్తికి ఛార్జీ తగ్గుతుంది, కొన్ని ఆఫర్లలో పన్నులు మాత్రమే తీసుకుంటారు. తల్లి, తండ్రి, టీనేజర్ కలిసిన ముగ్గురి కుటుంబానికి అందుకే ఒకే గది చౌక. ఆ గది తరచుగా 15 నుంచి 17 చదరపు మీటర్లే ఉంటుంది. మూడో పడక సోఫాను విప్పి వేసేదో, గోడలోంచి గాని కప్పు నుంచి గాని దించేదో అయి ఉంటుంది. అర్ధరాత్రి క్లబ్ నుంచి వచ్చే పిల్లలు, ఉదయం ఐదింటికి లేచే పెద్దలు ఒకే దీపం వెలుగులో సర్దుకోవాలి. మూడు రాత్రులకు ఇది భరించదగినదే.

నలుగురున్నప్పుడు రెండు చౌక గదులు ఒక ఖరీదైన గదితో పోటీ పడతాయి. సముద్రం కనిపించని లోపలి గదులు రెండు పక్కపక్కనే తీసుకుంటే, ఒక బాల్కనీ గదిలో నలుగురు ఇరుకుగా సర్దుకోవడం కన్నా సుఖంగా ఉంటుంది, రెండు స్నానాల గదులు దక్కుతాయి, ధర చాలాసార్లు అటూ ఇటూగా అంతే వస్తుంది. ఒక్కో గది బుకింగ్‌లో ఒక పెద్దవారి పేరు ఉండాలన్న నిబంధన సాధారణం కనుక, తండ్రి పేరు ఒకదానిలో, తల్లి పేరు మరొకదానిలో రాయించి, ఓడ ఎక్కాక వీలును బట్టి పడుకుంటారు. ముగ్గురు, నలుగురు పట్టే గదులు త్వరగా అయిపోవడానికి గిరాకీతో పాటు మరొక కారణం ఉంది: ఓడలోని ఒక్కో భాగానికి కేటాయించిన లైఫ్‌బోట్లలో పట్టే మనుషుల సంఖ్య దాటకూడదు కాబట్టి, గదులు ఖాళీగా ఉన్నా అదనపు పడకల అమ్మకం ఆపేస్తారు. సెలవుల ప్రయాణానికి నెలల ముందే బుక్ చేయాలని అనుభవజ్ఞులు చెప్పడంలో ఆంతర్యం ఇదే.

గది ఎక్కడుందన్నది కూడా ముఖ్యమే. ఓడ ముందుకూ వెనక్కూ ఊగేటప్పుడు రెండు కొసలు ఎక్కువగా లేచి పడతాయి, పై అంతస్తుల్లో పక్కలకు ఒరగడం ఎక్కువగా తెలుస్తుంది. ఓడ అడుగుభాగం పక్కల నుంచి రెక్కల్లా చాచే స్టెబిలైజర్లు పక్క ఊపును తగ్గిస్తాయి గాని ముందువెనుకల ఊపును ఆపలేవు. కడుపులో తిప్పే స్వభావం ఉన్నవారికి మధ్యభాగంలో, కింది అంతస్తులో ఉన్న లోపలి గది, కొసన ఉన్న బాల్కనీ గది కన్నా మంచిది, అదృష్టవశాత్తూ అది చౌక కూడా.

టికెట్టు వెనుక ఉన్న ఖర్చు

ఓడ ఛార్జీలో గది, ప్రధాన భోజనశాలలోనూ బఫేలోనూ తిండి, ప్రదర్శనలు, ఈత కొలను, టీన్ క్లబ్ ఉంటాయి. రేవు పన్నులు కొన్నిసార్లు కలిపి, కొన్నిసార్లు విడిగా చూపుతారు. సీసాల్లో వచ్చే శీతల పానీయాలు, ప్రత్యేక రెస్టారెంట్లు, ఇంటర్నెట్, ఫొటోలు, రేవుల్లో యాత్రలు సాధారణంగా వేరే. వీటన్నిటికన్నా ముందు గుర్తుంచుకోవలసింది గ్రాట్యుటీ, అంటే గది శుభ్రపరిచేవారికి, వడ్డించేవారికి చేరే సేవా రుసుము. దీన్ని ఇష్టం వచ్చినంత ఇచ్చే బక్షీసుగా కాక, అంతర్జాతీయ ఓడల్లో రోజువారీగా ఖాతాలో రాస్తారు, టీనేజర్లకు సాధారణంగా మినహాయింపు ఉండదు. రాయల్ కరీబియన్ 2024 నవంబరు నుంచి సాధారణ గదులకు మనిషికి రోజుకు 18.50 డాలర్లు వసూలు చేస్తోంది. ఆ లెక్కన ముగ్గురికి నాలుగు రాత్రులకు 222 డాలర్లు అవుతుంది. ఇది అనుకోని ఖర్చుగా చివరి రోజు బిల్లులో కనిపించకుండా, మొదటి రోజే బడ్జెట్ పట్టికలో ఉండాలి.

టీనేజర్ ఉన్న ఇంటికి ఇంటర్నెట్ విడిగా చర్చించవలసిన పద్దు. ఓడలో ఇంటర్నెట్ ఉపగ్రహం ద్వారా వస్తుంది, ఒక్కో ఫోన్‌కు రోజుకు ఇంత అని అమ్ముతారు, ముందుగా కొంటే ఓడలో కన్నా తక్కువకు దొరుకుతుంది. ఫోన్‌ను విమానం మోడ్‌లో పెట్టడం మరచిపోతే, అది ఓడలోని సముద్ర మొబైల్ నెట్‌వర్క్‌కు తగులుకుని సాధారణ రోమింగ్ ప్యాక్ వర్తించని భారీ ధరలు పడే ప్రమాదం ఉంది. కుటుంబం మొత్తానికి ఒకే ఫోన్‌కు కనెక్షన్ తీసుకుని వంతులవారీగా వాడుకోవాలా, పిల్లలకు విడిగా ఇవ్వాలా అన్నది బయల్దేరాక గొడవగా మారకుండా ఇంట్లోనే తేల్చుకోవలసిన విషయం.

రేవులో దిగినప్పుడు అయ్యే ఖర్చు రేవుకూ నగరానికీ ఉన్న దూరాన్ని బట్టి మారుతుంది. పెనాంగ్‌లో ఓడ జార్జ్‌టౌన్ నగరాన్ని ఆనుకునే ఆగుతుంది, 2008లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన ఆ పాత వీధులను, గోడ చిత్రాలను, లిటిల్ ఇండియాను నడిచి చూసి రావచ్చు. కౌలాలంపూర్ అని రాసి ఉన్న ప్రయాణంలో ఓడ ఆగేది పోర్ట్ క్లాంగ్‌లో, నగరం అక్కడికి రోడ్డు మీద గంట దూరం. బ్యాంకాక్ అని ఉన్నచోట ఆగేది లేమ్ చబాంగ్‌లో, అక్కడి నుంచి నగరానికి రెండు గంటలు పట్టవచ్చు. ఓడ సంస్థ అమ్మే యాత్రలో బస్సు ఆలస్యమైతే ఓడ ఆ బృందం కోసం ఆగుతుంది, సొంతంగా టాక్సీలో వెళ్లినవారి కోసం ఆగదు. కాబట్టి దూరపు రేవుల్లో సంస్థ యాత్రకు డబ్బు పెట్టడం, దగ్గరి రేవుల్లో సొంతంగా తిరగడం ఖర్చుకూ భద్రతకూ మధ్య సరైన సమతూకం. అలలు లేదా వాతావరణం కారణంగా రేవును వదిలేసే హక్కు ఓడకు ఉంటుంది, అలాంటప్పుడు సాధారణంగా రేవు పన్ను తప్ప మిగతా ఛార్జీ తిరిగి రాదు.

మొత్తం నుంచి వెనక్కి

చాలా కుటుంబాలు ఓడ ధరతో మొదలుపెట్టి, ఒక్కొక్కటిగా ఖర్చులు కలుపుకుంటూ పోయి, చివరికి వచ్చిన మొత్తం చూసి కంగారుపడతాయి. దానికి బదులు ఇల్లు భరించగల మొత్తంతో మొదలుపెట్టి వెనక్కి రావడం క్షేమం. హైదరాబాద్ నుంచి సింగపూర్ వెళ్లి నాలుగు రాత్రుల క్రూయిజ్ చేసే ముగ్గురి కుటుంబం 4,00,000 రూపాయలు పెట్టగలదని, కేవలం పద్ధతిని చూపడానికి, అనుకుందాం. విమాన టికెట్లకు 75,000, వీసాలకు, బీమాకు కలిపి 15,000, ఓడకు ముందు రాత్రి హోటల్‌కు 15,000, సింగపూర్‌లో రవాణాకు, తిండికి 15,000, అనుకోని అవసరాలకు మొత్తంలో పదో వంతు 40,000 పక్కన పెడితే 2,40,000 మిగులుతుంది. అందులోంచి డాలరు 90 రూపాయల చొప్పున గ్రాట్యుటీకి దాదాపు 20,000, రేవుల్లో యాత్రలకు 30,000, ఇంటర్నెట్, పానీయాలు, పిల్లల చేతిఖర్చు కలిపి 20,000 తీసేస్తే, ఓడ ఛార్జీకి, పన్నులకు మిగిలేది 1,70,000. అంటే మొత్తంలో సగం కన్నా తక్కువ. ఈ అంకెల స్థానంలో బుక్ చేసే నాటి నిజమైన ధరలు పెట్టుకోవాలి గాని, వెనక్కి లెక్కించే ఈ క్రమం మారకూడదు.

ఓడకు ముందు రాత్రి హోటల్ ఖర్చును కొందరు వృథా అనుకుంటారు. విమానం ఆలస్యమైతే ఓడ ఆగదు, వెళ్లిపోయిన ఓడ డబ్బు సాధారణంగా తిరిగి రాదు కాబట్టి, ఆ ఒక్క రాత్రి మొత్తం ప్రయాణానికే రక్షణ. విదేశీ టూర్ ప్యాకేజీగా కొన్నప్పుడు విక్రేత మూలంలోనే వసూలు చేసే పన్ను, అంటే టీసీఎస్, 2020 అక్టోబరు నుంచి అమల్లో ఉంది. దాని రేటు బడ్జెట్లలో మారుతూ వస్తోంది, ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుబాటు అవుతుంది, అయినా చెల్లించే నాడు చేతిలో ఆ డబ్బు ఉండాలి. రద్దు నిబంధనల్లో తేదీ దగ్గరపడే కొద్దీ కోత పెరుగుతుంది కనుక, ప్రవేశ పరీక్షల తేదీలు ఖరారు కాని ఇళ్లవారు ఆ నిబంధనలను టికెట్టు కొనే ముందే చదవాలి.

పత్రాలు, కట్టుబాట్లు

సింగపూర్ నుంచి బయల్దేరి మలేసియా లేదా థాయ్‌లాండ్ రేవు చూసి తిరిగి వచ్చే ఓడ ప్రయాణమంటే సింగపూర్‌లోకి రెండుసార్లు ప్రవేశించడమే కనుక, ఒకసారికి మించి ప్రవేశించే వీలున్న వీసా కావాలి. పాస్‌పోర్టుకు తిరుగు ప్రయాణం తర్వాత కూడా కనీసం ఆరు నెలల గడువు ఉండాలి. పిల్లల పాస్‌పోర్టు సాధారణంగా ఐదేళ్లకే ముగుస్తుంది కాబట్టి, ఎనిమిదో తరగతిలో తీసినది ఇంటర్‌కు వచ్చేసరికి గడువు చివరికి చేరి ఉంటుంది. 15 నుంచి 18 ఏళ్ల మధ్యవారు కోరితే పదేళ్ల పాస్‌పోర్టుకు దరఖాస్తు చేసుకోవచ్చు. అమెరికాలో ఉండే తెలుగు కుటుంబాలకు గాల్వెస్టన్, పోర్ట్ కెనావెరల్, మయామి రేవులు దగ్గర, కాని అక్కడ చిక్కు వేరు. వీసా స్టాంపు గడువు తీరినా 30 రోజుల లోపు తిరిగి రానిచ్చే ఆటోమేటిక్ రీవాలిడేషన్ వెసులుబాటు హెచ్ వీసాదారులకు కెనడా, మెక్సికోలకే పరిమితం, బహమాస్, జమైకా వంటి దీవులకు వర్తించదు. అక్కడే పుట్టిన పిల్లలకు అడ్డంకి లేకపోయినా, తల్లిదండ్రుల పత్రాలు ప్రయాణాన్ని ఆపగలవు.

ఓడలో మొదటి విధి మస్టర్ డ్రిల్, అంటే ప్రమాద సమయంలో ఎవరు ఎక్కడ చేరాలో తెలిపే అభ్యాసం. 2012 జనవరిలో ఇటలీలోని జిల్యో దీవి దగ్గర కోస్టా కాంకోర్డియా ఒరిగిపోయి 32 మంది మరణించినప్పుడు, కొత్తగా ఎక్కిన ప్రయాణికులు అప్పటికి ఇంకా ఆ అభ్యాసం చేయలేదు, ఎందుకంటే నాటి నిబంధన బయల్దేరిన 24 గంటల వరకు గడువు ఇచ్చేది. 2015 జనవరి నుంచి బయల్దేరే ముందు గాని, బయల్దేరిన వెంటనే గాని అది పూర్తి కావలసిందే. టీనేజర్లు తల్లిదండ్రుల నుంచి విడిగా తిరుగుతారు కనుక, ప్రమాద గంట మోగితే గదికి పరుగెత్తకుండా నేరుగా తమ మస్టర్ స్టేషన్‌కు రావాలన్న విషయం వారికి స్పష్టంగా చెప్పాలి.

మిగతా కట్టుబాట్లు తల్లిదండ్రులకు ధైర్యం ఇచ్చేవే. ప్రతి ప్రయాణికునికి గది తాళంగా, చెల్లింపుకు, రేవులో దిగి ఎక్కడానికి ఒకే కార్డు ఉంటుంది. దాన్ని ద్వారం దగ్గర స్కాన్ చేస్తే తెర మీద ఫొటో కనిపిస్తుంది, కాబట్టి మైనర్లు పెద్దలు లేకుండా ఒడ్డుకు దిగడం సాధారణంగా సాధ్యం కాదు. ఆ కార్డుపై పిల్లల కొనుగోళ్లకు పరిమితి పెట్టమని, లేదా పూర్తిగా ఆపమని గెస్ట్ సర్వీసెస్ కౌంటర్‌లో అడగవచ్చు. రాయల్ కరీబియన్ ఓడల్లో 18 ఏళ్ల లోపు పిల్లలు ఒంటరిగా తిరగడానికి రాత్రి ఒంటి గంట వరకే అనుమతి. మద్యానికి కనీస వయసు అమెరికా నుంచి బయల్దేరే ఆ సంస్థ ఓడల్లో 21, ఆసియా నుంచి సాధారణంగా 18 అన్న తేడా, 18 నిండిన పిల్లలున్న ఇళ్లలో ముందే మాట్లాడుకోవలసిన విషయం. ఓడలో వైద్యానికి బిల్లు విదేశీ ధరల్లో వస్తుంది కనుక, క్రూయిజ్‌కు వర్తిస్తుందని రాసి ఉన్న ప్రయాణ బీమాను మాత్రమే తీసుకోవాలి.

పట్టిక ముందు ముగ్గురూ

తెలుగునాట పదో తరగతి నుంచి ఇంటర్ వరకు పిల్లల క్యాలెండర్ తల్లిదండ్రుల చేతుల్లో కన్నా కళాశాల చేతుల్లో ఎక్కువగా ఉంటుంది. బోర్డు పరీక్షలు, ఎప్‌సెట్, జేఈఈ, బ్రిడ్జి తరగతులు పోగా ఇంటిల్లిపాదికీ ఒకేసారి దొరికే వారం అరుదు, ఆ తర్వాత పిల్లలు హాస్టళ్లకో వేరే నగరాలకో వెళ్లిపోతారు. డబ్బును మళ్లీ కూడబెట్టవచ్చు గాని ఆ వారాన్ని కూడబెట్టలేము. అందుకే ఈ ప్రయాణాన్ని పిల్లల తరఫున పెద్దలు నిర్ణయించి చివర్లో ప్రకటించే కానుకగా కాక, మొదటి నుంచీ వారితో కలిసి చేసే పనిగా మలచాలి.

ఆచరణలో ఇది చాలా సులువు. మొత్తం ఎంతో, అందులో ఓడకు మిగిలేది ఎంతో టీనేజర్ ముందు పెట్టి, ఆ పరిమితిలో రెండు ఓడలను వెతికి పోల్చే పని అప్పగించాలి. ఒక రేవులో ఎక్కడికి వెళ్లాలన్న నిర్ణయాన్ని పూర్తిగా వారికే వదిలేయాలి. చేతిఖర్చును ముందే ఇచ్చి, అయిపోతే అంతేనని చెప్పాలి. ప్రత్యేక రెస్టారెంటా, ఇంటర్నెట్టా, బాల్కనీయా అని మూడింటిలో ఒకటి వదులుకోవలసి వచ్చినప్పుడు దేనిని వదలాలో తేల్చడంలో వారి మాటకు సమానమైన విలువ ఉండాలి. తొలి క్రూయిజ్‌కు మూడు నాలుగు రాత్రులు, సెలవుల కాలం, మధ్యభాగంలో ఒక మామూలు గది, చురుకైన టీన్ క్లబ్ ఉన్న ఓడ, నడిచి చూడగల ఒక రేవు చాలు. ఇంతకు మించిన హంగులకు ఖర్చుపెట్టే ముందు అదే డబ్బుతో రెండో ప్రయాణానికి పునాది వేయవచ్చేమో ఆలోచించాలి, ఎందుకంటే తన ఇంటి ఆర్థిక పరిమితిని గౌరవంగా తెలుసుకుని, దాని లోపల మంచి ఎంపిక చేయడం నేర్చుకున్న టీనేజర్ ఆ రెండో ప్రయాణాన్ని తానే లెక్క కట్టగలడు, కట్టగలదు.